నీళ్లు నమిలే కొండ

ఎర్ర రంగు డబ్బా తొమానియా చేతిలో,
తెల్లది నా చేతిలో.
కనుమ మలుపులో మమ్మల్ని దింపేసి
చేపల వ్యాను ఓహ్రిడ్ వైపు జారిపోయింది.
దాని వాసన మాత్రం కాసేపు మాతోనే నిలబడింది.

గలిచిత్సా కొండ మీద
నిరుడు మంచు నాకేసిన గుర్తులన్నీ మళ్లీ వేయాలి.
రాయికి ఒక ఎర్ర గీత, దాని కింద తెల్ల గీత.
'ఇటు' అనడానికి అంతకన్నా మాటలెందుకంటుంది ఆమె.
పటంలో శిఖరానికి రెండున్నర గంటలని రాసి ఉంది.
తొమానియా లెక్కలో నాలుగు సిగరెట్లు.

బీచ్ చెట్ల నీడ ఉన్నట్టుండి ఆగిపోతుంది,
ఎవరో గొడుగు ముడిచినట్టు.
ఆ పైన అంతా తెల్లరాయి, జూనిపర్ పొదలు,
అక్కడక్కడ కొండ టీ ఆకు, ఎండలో దాని ఘాటు.
రాయి మీద వేళ్లు పెట్టి చూడమంది.
చాళ్లు. చాళ్ల పక్కన చాళ్లు.
వాన ఎన్నాళ్లుగానో దువ్వుతూనే ఉన్న సున్నపురాయి.
ఒకచోట నా బొటనవేలి గోరంత చిప్ప,
బయటికి రావాలో వద్దో తేల్చుకోలేక
సగం రాయిలోనే ఉండిపోయింది.
"ఇదంతా సముద్రపు అడుగు" అంది,
వంటింట్లో ఉప్పు ఏ అరలో ఉందో చెప్పినంత మామూలుగా.

అటొక సరస్సు, ఇటొక సరస్సు.
మధ్యలో నాలుక పిడచకట్టుకుపోతోంది.
వాగు లేదు, చెలమ లేదు,
పడిన వాన పడినచోటే మాయం.
గిన్నెల్లాంటి గుంటలు, అడుగున పచ్చిక,
పచ్చిక కింద ఎక్కడో చిల్లు.
కాపరి నౌమ్చే ఒక లోతైన బిలంలోకి దిగి
జూలై నెలలో పాత మంచు పెళ్లగించి
గోనెసంచిలో మోసుకొస్తున్నాడు, గొర్రెలకు కరిగించి పోయడానికి.
దారి పొడవునా సంచి కారుతోంది.
దారి పొడవునా కుక్క నాకుతోంది.

ఏదైనా అడిగితే నీళ్లు నమిలే మనుషుల్ని చూశాను,
నిజంగా నమిలే కొండను ఇప్పుడే చూస్తున్నాను.

తూర్పున ప్రెస్పా, ఎత్తు మీద.
పడమట ఓహ్రిడ్, పల్లంలో.
ప్రెస్పా ఒడ్డు రాళ్ల సందుల్లోకి నీరు
చెప్పులు చేతపట్టుకున్నట్టు చప్పుడు లేకుండా దూరి
మా కాళ్ల కిందుగా నడిచి
అటువైపు ఊటలై లేస్తుంది.
ఆ బాటకు ఎర్ర గీత లేదు, తెల్ల గీత లేదు.

తొమానియా పుట్టింది ప్రెస్పా వైపు.
తొమ్మిదేళ్లప్పుడు తమ్ముడితో పందెం కాసి
ఆ సందులో రెండు బుట్టల ఊక పోసిందట.
అటువైపు ఊటల దగ్గర కాపలా కాయాల్సిన మేనమామ
గుర్రపుబండి కింద నిద్రపోయాడట.
తమ్ముడు ఇప్పటికీ ఒప్పుకోడు,
పందెం ఇప్పటికీ తేలలేదు.

నాలుగో సిగరెట్టుకు శిఖరం, మగారో.
గాలి టోపీ మీదే పెట్టింది కన్ను.
ఎడమన ఓహ్రిడ్, నీలం, నిండుగా, దేనికీ లోటు లేనట్టు.
కుడిన ప్రెస్పా,
చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లటి అంచు,
ఏటేటా ఆ అంచు వెడల్పవుతోంది.
వాళ్ల ఊరి పడవల రేవు గులకరాళ్ల మీద నిలబడి ఉంది,
నీళ్లకు నూరడుగుల దూరంలో.
తొమానియా బ్రష్షును ఎర్రరంగులో ముంచింది,
చివరి రాయికి గీత గీయడం మరిచి
అది చేతిలోనే ఆరిపోయేదాకా అటే చూసింది.
నేను కూడా తెల్లడబ్బా మూత తీయలేదు.

సాయంత్రం అదే వ్యాను ఊటల దగ్గర ఆపింది.
ఇసుక అడుగున అన్నం ఉడుకుతున్నట్టు
చిన్నచిన్న బుడగలతో నీరు పైకి తన్నుకొస్తోంది.
రంగు మరకల చేతులు ఎడంగా ముందు కడుక్కుని
తర్వాత దోసిలి పట్టింది.
"ఈ నీరు ఎవరిది, మీదా, మాదా?" అన్నాను నవ్వుతూ.
ఆమె జవాబు చెప్పలేదు,
నోటినిండా నీళ్లున్నాయి.
మింగాక మాత్రం అంది:
"రేపటికి ఎర్రరంగు చాలదు,
ఇంకో డబ్బా తెప్పించు."