అరవై ఏడు పక్కన అరవై ఎనిమిది

లాటరీలో నా పేరొచ్చిందని ఫోన్.
రాత్రి డ్యూటీ దిగి, మందుల వాసన చేతుల్లో ఉండగానే
ఒసాకాలో కాలువ పక్క గ్యాలరీకి నడిచాను.
తెల్ల గ్లవ్స్ వేసుకున్న కుర్రాడు
పాలమీద మీగడ తీసినట్టు పలచటి పొర ఎత్తాడు.

నీళ్లు లేని ఈతకొలను. అందులో పసుప్పచ్చ కుర్చీ.
పదకొండు రంగులు, పదకొండు సిల్కు తెరలు,
పని కాగానే అన్నీ కడిగేశారట.
అడుగున పెన్సిలుతో, డెబ్బై ఐదులో అరవై ఎనిమిది.
పక్కన చిత్రకారిణి సంతకం, తోక కాస్త జారి.
అన్నిసార్లు రాశాక
ఎవరికైనా సొంత పేరు మీద విసుగు పుట్టదూ!

ధర సగమే చెప్పాను అక్కకి.
ఆ సగానికే నోరు నొక్కుకుంది.

గోడకి పెట్టను, ఎండ రంగుల్ని తాగేస్తుంది.
బీరువా అడుగు సొరుగులో అట్టల మధ్య పడుకోబెట్టాను.
వానలన్నాళ్లూ తెరవను.
చలికాలం, పొడిగాలి వీచే రోజున
చేతులు రెండుసార్లు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు.
చూడ్డానికి కొన్నావా, దాచడానికా అంటుంది అక్క.

ఫిబ్రవరిలో ఒతారు నుంచి ఉత్తరం.
"గ్యాలరీ వాళ్లని బతిమాలి మీ చిరునామా పట్టాను.
నాది అరవై ఏడు.
ఇరుగుపొరుగువాళ్లం, ఒక్కసారైనా పలకరించుకోవద్దా?"
ఇసోగాయ్, పడవ ఇంజన్ల మెకానిక్.

అచ్చువేసిన చోటే కలిశాం, కుగిమియా గారి రేకుల షెడ్డులో.
రెండు కాగితాలూ పక్కపక్కన పరిచాం.
చాలాసేపు కెటిల్ ఒక్కటే మాట్లాడింది.

నా దాంట్లో కుర్చీ కాలికీ నీలానికీ మధ్య
వెంట్రుకవాసి తెల్లటి సందు.
ఆయన దాంట్లో లేదు.

కుగిమియా కళ్లజోడు నుదుటికెత్తి వంగాడు.
"అది ఆగస్టు. ఫ్యాను ఆగిపోయింది.
అరవై ఏడు లాగి, మెడ తుడుచుకున్నాను.
తెర కదిలినట్టుంది.
చూశాను కూడా." కాసేపాగి, "చూసి ఊరుకున్నాను."

చిత్రం మీద ఎక్కడా ఆయన పేరు లేదు.

ఇసోగాయ్ నా కాగితం మీంచి కళ్లు తియ్యకుండా
"మార్చుకుందామా?" అన్నాడు,
మంచిది తనదే అయ్యుండి.
వద్దన్నాను, కావలసినదానికంటే గట్టిగా.
ఆయన నవ్వి, టీ చల్లారిపోతోందన్నాడు.

ఇది జూన్. బయట తెరిపివ్వని వాన.
సొరుగు లాగుతున్నాను, బెత్తెడు మాత్రమే,
తడి చేతుల్తో.