అతుకు

కోపెన్‌హేగన్ రేవులో రెండు గంటలు వరసలో నిలబడ్డాం.
ఫోటో తీసే క్షణాన గాలి కొట్టి కళ్ళు మూశాను.
ఇక ఈ ఎనిమిది రోజులూ
ఏ తలుపు తెరవాలన్నా
కళ్ళు మూసుకున్న ఇర్మెలినే చూపించాలి.

అందరూ తలెత్తి ఓడని చూస్తున్నారు.
పదహారు అంతస్తులు,
ఎవరో ఊరంతటికీ సున్నం కొట్టి నీళ్ళమీద నిలబెట్టినట్టు.
రైమో మాత్రం తల వంచి
నీటిగీత దగ్గర ఇనుప పలకలు లెక్కపెడుతున్నాడు.

తుర్కులో ఇది ఇంకా ఎముకల గూడుగా ఉన్నప్పుడు
రెండు చలికాలాలు దీని కడుపులో వెల్డింగు చేశాడు.
చొక్కాల నిండా నిప్పురవ్వల చిల్లులతో ఇంటికొచ్చేవాడు.
రఫూ చేసి చేసి నా కళ్ళజోడు నంబరు మారింది.
అంచేత ఈ ఓడలో
నాకూ ఓ పిసరు వాటా ఉందనే అనుకుంటాను,
ఎవరితోనూ అనను.

లోపల అంతా తివాచీలు, అద్దాలు, దానంతటదే మోగే పియానో.
లిఫ్టులో కాళ్ళకింద 'శనివారం' అని నేసి ఉంది.
అర్ధరాత్రి దాటగానే మార్చేస్తారట,
ఓడెక్కినవాళ్ళు ముందు మరిచిపోయేది వారమేనట.

తొమ్మిది రకాల రొట్టెలున్న హాలంతా తిరిగి
రైమో తెచ్చుకున్నది ఉడికిన బంగాళాదుంపలు, ఉప్పుచేప,
ఇంట్లో తినేవే.
కుర్చీ అంచున కూర్చున్నాడు,
కూతురి అత్తారింటికి మొదటిసారి వెళ్ళిన తండ్రిలా,
ఏది ముట్టుకుంటే ఏమంటారో అని.

ఆ తర్వాత మొదలుపెట్టాడు.
మెట్ల కింద దూరి చూడడం,
స్తంభాన్ని వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించడం.
"పైన చెక్క. లోపలంతా మాదే."
నగల దుకాణం ముందు తివాచీ అంచు గోటితో లేపబోతే
కాపలా అమ్మాయి వచ్చి,
"ఏమైనా పోగొట్టుకున్నారా?" అంది.
"లేదు, ఇక్కడే ఉంది" అన్నాడు.
సిగ్గుతో నా చెవులు ఎర్రబడ్డాయి.

ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత.
మునిగితే ఎటు పరిగెత్తాలో నేర్పడానికి
నారింజరంగు చొక్కాలు తొడిగి నిలబెట్టారు.
అందరూ నవ్వుతూ సెల్ఫీలు దిగుతున్నారు.
మునగడం అన్న మాటకి
రైమో ఒక్కడికే కోపమొచ్చింది.

మా గది సర్దే అతని పేరు రొదేలియో, ఇలోయిలో నుంచి.
అతని ఇంగ్లీషు, మా ఇంగ్లీషు
కలిపితే ఎలాగో ఒకటైంది.
తువ్వాళ్ళు చేతికిస్తూ "ఇంకేమైనా కావాలా?" అన్నాడు.
రైమో అడిగాడు:
"రెండో అంతస్తు, ముందువైపు. అక్కడికి పోనిస్తారా?"
"అది మేం పడుకునే చోటండీ, పోనివ్వరు."
కాసేపాగి తనే అన్నాడు.
"నా మంచం పక్కన ఇనుములో ఒక గీత ఉంది.
ఎన్ని రంగులు వేసినా లేచే ఉంటుంది.
నిద్ర రానప్పుడు వేలు పెట్టి ఆ చివర్నుంచి ఈ చివరికి రాస్తాను.
మా ఆవిడకి ఫోన్ అందనప్పుడు కూడా."

రైమో చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, పెళ్ళయిన పిల్ల సుఖంగా ఉందా అని
ఎవరి ద్వారానో అడిగినట్టు అడిగాడు:
"తడి ఏమైనా పడుతుందా?"
"ఎప్పుడూ లేదండీ."
"చలి?"
"జనవరిలో కొంచెం."
"జనవరిలో పడుతుంది" అని ఒప్పుకున్నాడు,
తప్పు తనదే అన్నట్టు.

ఓడ ఎప్పుడు కదిలిందో తెలీలేదు.
గ్లాసులో నీళ్ళు ఒక పక్కకి ఒరిగాయి, అంతే.
కిటికీలోంచి గాలిమరలు వెనక్కి నడుస్తున్నాయి.
పొద్దుట్నించీ మొదటిసారి అతను సముద్రాన్ని చూశాడు,
"బావుంది" అన్నాడు,
దానికీ తను మార్కులెయ్యాలన్నట్టు.

పెట్టెలు రాత్రి పదింటికి గానీ రాలేదు.
నా నైటీ దొరకలేదు, అతని చొక్కా వేసుకుని పడుకున్నాను.
దీపం ఆర్పాక
అతని చెయ్యి నా మీదుగా గోడవైపు వెళ్ళింది,
చీకట్లో దేన్నో తడుముతూ.
ఇక్కడ గోడకి ప్లాస్టిక్కు తొడుగు, చెప్పినా వినడు.
నేను కొంచెం జరిగి
చోటిచ్చాను.