అర లీటరు

ఇచ్ఛాపురం టెంట్‌హౌస్ బెహరా దగ్గర కొన్నాను ఈ ఇండికా.
బానెట్ ఎత్తితే ఇంజను పెళ్ళికొడుకులా ఉంది.
ముందురోజు రాత్రే డీజిల్‌తో కడిగించేడని
మూడోనాటి పొద్దున తెలిసింది,
కవిటిలో మా ఇంటిముందు గచ్చు మీద
పళ్ళెమంత నల్ల మరక చూసేక.

ఆవేళ్టి నుంచి రాత్రుళ్ళు బండి కింద అట్ట పరుస్తున్నాను.
తెల్లారి మొహం కడక్కముందే వంగి చూస్తాను.
జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్తూ మా ఆవిడ
"జాతకం ఏటంతాది?" అని అడుగుతుంది.

వారానికి అర లీటరు.
డిప్‌స్టిక్ లాగి, పాత లుంగీ గుడ్డతో తుడిచి,
మళ్ళీ దింపి, మళ్ళీ లాగి,
రెండు గీతల మధ్య తడి ఎంతదాకా ఉందో
వెలుతురుకి ఎత్తి చూస్తాను.

సోమ, బుధ, శుక్ర. తెల్లవారి నాలుక్కి బయల్దేరాలి.
పలాసలో మిషన్ కాడికి నలుగురు.
ముందు సీటు బల్లెడ దుర్యోధనది.
కొబ్బరిచెట్లెక్కిన మనిషి, ఇప్పుడు మెట్టెక్కితే ఆయాసం.
తొడల మధ్య ఒక నీళ్ళసీసా,
దానిమీద బ్లేడుతో గీసిన రెండు గీతలు:
పైది పొద్దున్నకి, కిందది మజ్జాన్నానికి.
రోజంతటికీ డాక్టరిచ్చింది అంతే.

"ఏటి బావూ, మల్లీ ఆయిలేనా?"
"కారిపోతంది మావా."
"నీ బండికి కారితే బాద, నాకు కారకపోతే బాద.
ఇద్దరం ఒక మేస్త్రీ కాడికే ఎలిపోదుం."
వెనకసీట్లో ముగ్గురూ నవ్వేరు.
నేను గేరు మార్చేను.

సోంపేట మెకానిక్ కిందనుంచి టార్చి కొట్టి
వెనక సీలు పోయిందన్నాడు.
గేరుబాక్సు దింపాలి, తొమ్మిది వేలు, మూడు రోజులు.
తొమ్మిది వేలు ఎక్కడో తెస్తాను.
ఆ మూడు రోజుల్లో ఒక శుక్రవారం ఉంది.

ఇంకొకడు చిక్కటి నూనె పొయ్యమన్నాడు.
ఇంకొకడు ఆరొందల యాభైకి ఒక సీసా మందు అమ్మేడు,
అది పోసేక కారడం ఆగలేదు, కంపు మాత్రం కలిసింది.

కంచిలి రోడ్డులో పురుషోత్తం షెడ్డు.
పానా ముట్టుకోలేదు ముసలాయన.
కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి,
మనవరాలి పౌడరుడబ్బా తెచ్చి
చంటిపిల్ల మెడకి రాసినట్టు ఇంజనంతా జల్లేడు.
"బారువ దాకా ఎల్లి రా" అన్నాడు.

వచ్చేసరికి తెల్లటి దానిమీద
చీమలబారంత సన్నంగా ఒక నల్ల దారి.
పైన ట్యాపెట్ కవరు మూల పుట్టి,
వెనక్కి జారి, గేరుబాక్సు కింద బొట్టు కట్టింది.
"కింద కనపడినంత మాత్రాన కింద కారినట్టు కాదు, బావూ."

అక్కడితో ఆగలేదాయన.
చూపుడువేలంత రబ్బరు గొట్టం పీకి నా చేతిలో పెట్టేడు.
లోపల అడుగంటిన బెల్లంపాకంలా మడ్డి.
"దీనికి ఊపిరాడ్డం నేదు.
లోపల్గాలి బయటికెల్లే దారి నేక నూనిని తోసేస్తంది.
సీలు మార్సినా ఇంకో సందు ఎతుక్కుంటాది."
ఎన్నాళ్ళుగా, అని అడిగేను.
"బెహరా నడిగు" అని ఉమ్మేసేడు.

తీగ పెట్టి, పెట్రోలుతో కడిగి, గొట్టం బిగించేడు.
పైన కొత్త ప్యాకింగు. నాలుగొందల ఇరవై.
"పాత బండి. రూపాయి బిళ్ళంత కారితే ఒగ్గీ,
పళ్ళెమంత కారితే రా."

గురువారం రాత్రి నిద్ర లేదు.
అట్ట మీద రూపాయి బిళ్ళకన్నా కొంచెం పెద్దదే ఉంది.
ఒగ్గీసేను.

శుక్రవారం నాలుగ్గంటల మిషన్ అయ్యి తిరిగొస్తూ
సోంపేట దాటేక, నేల చదునుగా ఉన్నచోట ఆపేను.
ఇంజను చల్లారనిచ్చి డిప్‌స్టిక్ లాగేను.
దుర్యోధన అద్దంలోంచి తల బయటపెట్టి
"ఎంతుంది?" అన్నాడు.
"పైగీత కాడే ఉంది మావా."
నమ్మలేదు. పుల్ల చేతికి తీసుకుని తానే చూసేడు.
తర్వాత సీసా నాకిచ్చి
"నా కళ్ళు సరిగ్గా అవపడ్డం నేదు, నాదీ సూడు" అన్నాడు.

ఎండకి ఎత్తేను.
కింద గీత మీద ఇంకా వేలెడు.
"కవిటి దాకా సరిపోద్ది" అన్నాను.
"అయితే పద."