వెయ్యి గళ్ళ పలక

తిరువాన్మియూరు ఇసుక మీద అర్ధరాత్రి
కాలు పెట్టే చోటు లేదు, అన్నీ ఫోన్లే.
అల విరిగిన చోటల్లా నీలం అంటుకుంటోంది.
నేను తొడలోతు నీళ్ళలో
సన్నకన్నాల వల ఈడుస్తున్నాను.
"ఏం మేడం, రేపు వేటకి పోవచ్చునా?"
కట్టుమరం మీంచి ధనకోటి.
తెలీదన్నాను.

తెల్లారి ల్యాబ్‌లో
అయోడిన్ చుక్క పడగానే
ఆ నీలమంతా చల్లారిన టీ.
గాజు పలక, వెయ్యి గళ్ళు.
కొన్నిట్లో ఒకటి, కొన్నిట్లో మూడు నాక్టిల్యూకాలు:
సగం గసగసాల గింజంత బుడగ, ఒక్క తోక,
కడుపులో ఇంకా అరగని డయాటమ్ పెంకు.
ఆ డయాటమ్ తిన్నది
అడయారు మోసుకొచ్చిన మన తూముల్ని,
మా మేడమీది వాళ్ళ బట్టల సబ్బుని,
నా స్నానం నీళ్ళని.

తాకితేనే వెలుగుతుందిది.
నన్నెవడో తింటున్నాడు,
వాణ్ణి తినేవాళ్ళెవరైనా రండి, అని కేక.
ఆ కేకకి నిన్న చప్పట్లు కొట్టారు.
నేనూ కొట్టాను,
వల ఒక చేత్తో పట్టుకుని, తొడ మీద.

ఐదోరోజుకి వెలుగు లేదు.
చచ్చిన బుడగలు పగిలి ఒకటే అమ్మోనియా,
ఊపిరాడని నీళ్ళు, పలచటి చారు రంగు.
ధనకోటి తట్ట తెచ్చి నా బల్ల మీద దించాడు.
తెల్లపొట్టల కవళ్ళు.
"వీటినీ రాయండి."

నా రిజిస్టర్లో
లీటరుకి ఎన్ని కణాలో రాసే గడి తప్ప
ఇంకోటి లేదు.
తట్ట కారి పేజీ అంచు తడుస్తోంది.
స్కేలు తీసుకుని
పక్కన ఒక గడి గీశాను, వంకరగా.
అది చాల్లేదు.