ఒక్క రింగు

లెక్కల పుస్తకంలో
పేజీకో వెంట్రుక దొరికింది.
కనుబొమ్మలవి.

"ఏటమ్మా ఇది?" అంటే
పళ్లు బిగించింది మా గుంట.
వాళ్ల మామ్మ నూకాలమ్మ తాడు కట్టింది.
పక్కింటావిడ కాటుకతో దిద్దింది.
నేను వీపు మీద ఒక్కటిచ్చాను.

చినవాల్తేరు బస్సులో
ఒక స్టాపు ముందుకే టికెట్ తీశాను,
ఎవరైనా అడిగితే బీచికని చెప్పొచ్చని.
అక్కడ బెంచీల నిండా
స్కూలు టైలు కట్టుకున్న పిల్లలు.
ఒకడు విడిచిన చెప్పుల్ని సరిచేస్తున్నాడు,
మళ్లీ సరిచేస్తున్నాడు.

"నువ్వే చెప్పు లిఖితా" అంది డాక్టరమ్మ.
అది నేలని చూస్తూ చెప్పింది:
"నాన్న క్రేనెక్కే టైముకి
రెండు వైపులా సమానంగా పీకెయ్యాలి.
లేపోతే క్రేను ఒరిగిపోద్ది."

పదకొండేళ్లుగా పోర్టులో
ముప్పై టన్నుల పెట్టెలు ఎత్తుతున్నాను.
అంత ఎత్తున నన్ను
ఎవరు పట్టుకుని ఉన్నారో
తెలీలేదు.

అప్పట్నుంచీ దిగగానే మిస్డ్ కాల్, మూడు రింగులు.
మెల్లగా అదీ మానాలంది డాక్టరమ్మ.
ఈ వారం ఒక్కటే.

రింగు ఆగాక
ఇంట్లో దాని వేళ్లు ఎక్కడున్నాయో అనుకుంటూ
క్రేను కిందే నిలబడతాను,
నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో
తెలీక.