గుడి మింగిన చుక్క

తమ్మీ ఓదేలూ,
వరంగల్ చౌరస్త బ్యాండు దుకాణం నుంచి
క్లారినెట్ ఖాజాను రాస్తాన్న.
స్వరాలు రాసే నీ సాఫ్ట్‌వేర్ మంచిగున్నది.
మంచిగున్నదని చెప్పెటందుకే అయితే ఫోన్ చేస్తుంటి.
బాగలేని కాడ కాయితం కావాలె.

మొన్న కాజీపేటల బరాత్.
పై స్థాయి రి మీద నేను చుక్క పెట్టిన.
తెర మీద కనవడ్డది,
అచ్చుల కనవడలే.
రి నెత్తి మీద గుడి ఉంటది గద,
ఆ గుడి చుక్కను మింగింది.
స కు గుడి లేదు, చుక్క బతికింది.
గ, మ, ప, ద, అందరు సల్లగనే ఉన్నరు.
రి, ని ఇద్దరే ఆగమైన్రు.
గుడిని మింగినోళ్ల ముచ్చట ఇన్న గని
గుడే మింగుడు ఇదే మొదలు.

కొత్త పోరడు కాయితం చూసి ఊదెటోడు,
ఉన్నదున్నట్టు ఊదిండు.
పాట మేడెక్కుతాంటే
మెట్టిరిగినట్టు కింద వడ్డది.
పిల్ల మేనమామ చేతులు లేపి ఆడుతాన్నోడు
లేపిన చేతులు లేపినట్టే ఉంచి
నా మొకం చూసిండు.
సాఫ్ట్‌వేర్ అంటే ఇంటడా?

రాత్రి రెండింటికి నీ జవాబొచ్చింది,
పరకాల సబ్‌స్టేషన్ల డ్యూటీ మీదికెల్లి.
ఏ ప్రింటర్, ఏ అక్షరాలు,
ముందేం నొక్కిండ్రు, తర్వాతేం నొక్కిండ్రు,
వరుసగ చెప్పుండ్రి సార్ అన్నవు.
ఎంజీఎం దవఖానల నడుము చూపించుకున్ననాడు
డాక్టరు గూడ ఇంత అడుగలే.
నలభై ఏండ్ల సంది ఊదుతాన్న,
తప్పు వడ్డప్పుడు తిట్టినోళ్లున్నరు,
ఏం చేస్తే వడ్డదని అడిగినోడు లేడు.

అప్పటి సంది నేర్చుకున్న.
‘ఖరాబైంది’ అని రాస్తలేను.
పన్నెండో వరుస చివర కామా పెట్టిన,
వరుస మలిగినంక కామా లేదు, అని రాస్తాన్న.
ఆ కామా నీకు గుర్తు తమ్మీ,
ఆడ నేను ఊపిరి తీసుకుంట.

నడుమ ఒకనాడు తెర మొత్తం నల్లగైంది.
కాయితం అందుకొని, ఆగిన.
గల్లీల ఎవ్వలింట్ల లైటు లేదు.
ఇది సాఫ్ట్‌వేర్ల రాయాల్నో
మీ కరెంటాఫీసుకు రాయాల్నో తెలువలే.

ఇగ పంతొమ్మిదో నంబరు సంగతి.
మా డోలు కొంరెల్లి మామకు
నాలుగో దెబ్బ జర ఆలిశమైతది.
నీ దాంట్ల టైముకే వడుతాంది,
అది తప్పు అని రాసిన.
ఎంత ఆలిశమో చెప్పుండ్రి అన్నవు.
ఐదుసార్లు కొట్టిచ్చి ఫోన్ల పట్టిన,
ఐదు తీర్లొచ్చింది.
ముసురు వట్టి తోలు మెత్తవడ్డనాడు ఒక తీరు.
ఆకలి మీద ఒక తీరు.
అప్పగింతలప్పుడైతే
దెబ్బ వడుతదా వడదా అని
పోరగాండ్లందరు మామ చెయ్యి దిక్కే చూస్తరు.

“ఇది బగ్గు కాదు సార్, మామ” అని రాసినవు.
అట్లంటివే గని, నంబరు కొట్టెయ్యలే.
ఐతారం నాడు బస్సెక్కి వచ్చినవు.
లాప్‌టాప్ తెరువకుండ డోలు పెట్టె మీద కూసోని
ఏండ్ల కొసలు లెక్కవెట్టుకుంట ఇన్నవు.
ప్రతి నాలుగింటికి నీ ఏలు ముందుగాల వడ్డది.
మామ నవ్వలేదు. చాయ తెప్పిచ్చిండు.

కొత్తది నిన్న పంపినవు.
నాలుగో దెబ్బ మీద చిన్న కొండి గుర్తు.
నొక్కితే సప్పుడు రాదు,
ఒక మాట కనవడుతది:
‘ఇక్కడ కొంరెల్లిని అడుగుండ్రి.’

అడిగినవు గద, వరుసగ రాస్తాన్న.
మీట నొక్కిన.
మామకు సదువు రాదు, సదివి చెప్పిన.
డోలు తాళ్లు బిగిచ్చుకుంట ఇన్నడు.
“నేను దొరుకకుంటెనో?” అన్నడు.
అంతే. మల్ల నొక్కినా గదే అన్నడు.

దీనికి తొందర లేదు తమ్మీ,
ఇరవయ్యో నంబరేసి పక్కకు వెట్టుకో.
రి మీద చుక్క కొత్తదాంట్ల మల్ల మాయమైంది.
ఎల్లుండి హసన్‌పర్తిల పెండ్లున్నది,
ముందుగాల అది చూడు.