బట్టలతో ఈత

పిల్లలకి ఈత నేర్పడం నా పని.
మా ఫ్రీస్‌లాండ్‌లో ఒక పరీక్ష బట్టలతోనే:
చొక్కా, పాంటు, కాళ్ళకి బూట్లు.
ఏడేళ్ళవాళ్ళు గట్టు మీద నించుని గునుస్తారు.
"ఎవరైనా ముందు చెప్పి కాలవలో పడతారా?" అంటాను.
ఎన్ని వందలసార్లు అన్నానో,
ఒక్కసారీ నాకు నేను చెప్పుకోలేదు.

మే నెలకి అన్నీ సిద్ధం.
ప్రసవ కేంద్రంలో కిటికీ పక్క గది,
నడుం లోతు నీళ్ళ తొట్టి.
చూడ్డానికి వెళ్ళినప్పుడు మోచెయ్యి ముంచి వేడి చూశాను,
అలవాటు.
యెల్మర్ కాగితం మీద రాశాడు:
వెలుతురు తక్కువ. మాటలు తక్కువ. సూదులు వద్దు.
"వద్దు" కింద రెండు గీతలు నేను గీశాను.

బుధవారం ఇంకా తెల్లవారకుండానే
వంటింటి గచ్చు మీద ఉమ్మనీరు.
పచ్చగా.
పెరటి కాలవలో కర్రతో నాచు కదిపితే తేలే పచ్చ.
మంత్రసాని హిల్లెకా వచ్చి, మోకాళ్ళ మీద కూచుని,
గుడ్డని దీపం కిందకి తెచ్చి చూసి,
తర్వాత నా మొహం చూసింది.
"లోపలే దొడ్డికెళ్ళింది బిడ్డ. లేవార్డెన్ పోదాం."
ఆ ఊళ్ళో సంతలున్నాయి, పక్కకి ఒరిగిన గోపురముంది.
ఆ పొద్దు మాత్రం
ఆసుపత్రి ఒక్కటే ఉంది.

దారిలో వంతెన లేచింది.
తెరచాప పడవొకటి, దానికేం తొందర!
వంతెన మనిషి గాలపు కర్రకి చెక్క చెప్పు వేలాడదీసి
సుంకం కోసం పడవలోకి దించాడు.
పడవవాడు జేబులు తడుముకున్నాడు.
నాకో నొప్పి వచ్చి వెళ్ళింది.
వాడికి చిల్లర దొరికేలోగా ఇంకొకటి.
యెల్మర్ స్టీరింగు మీద నుదురు ఆనించి
వాళ్ళ తాత తిట్లన్నీ వరసగా అప్పజెప్పాడు.
నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి.
నొప్పిలోనూ నవ్వే.

పొట్టకి పట్టీలు, చేతికి సూది,
వీపు వైపు మూసుకోని గౌను.
యంత్రంలోంచి బిడ్డ గుండె,
చెక్క వంతెన మీద గుర్రం పరిగెత్తుతున్నట్టు.
"నిలబడొచ్చా?" అనడిగాను.
డాక్టరు ఇల్హామ్, నాకన్నా చిన్నదేమో,
"పొడుగు తీగలు తెప్పిస్తాను.
నిలబడండి, పాకండి, కిటికీకి వేలాడతానన్నా సరే,
ఈ చప్పుడు నాకు వినబడితే చాలు" అంది.
మా కాగితం అడిగి తీసుకుంది.
చివరిదాకా చదివి, లేచి, పెద్ద లైట్లార్పింది.
రెండు గీతల దగ్గర వేలు పెట్టి
"ఇదొక్కటీ కుదర్లేదు, ఏమీ అనుకోకండి" అంది.
అప్పుడేడ్చాను.
భయానికి కాదు.
నా గీతలు ఒకరు చూశారని.

తర్వాత పదకొండు గంటలు.
వాటి గురించి చెప్పగలిగింది తక్కువ.
ముందు బట్టలు బరువెక్కుతాయి.
కిందకి లాగుతాయి.
వాటితో కొట్లాడితే నువ్వే అలిసిపోతావు.
వెల్లకిలా తిరుగు. ఊపిరి పీల్చు.
చొక్కాలో ఇరుక్కున్న గాలి కాసేపు నిన్ను మొయ్యనీ.
ఎవరిదో గొంతు, గట్టు మీంచి
పిల్లలతో మాట్లాడే గొంతు.
నాదే.

మోకాళ్ళ మీద ఉండగా,
తీగలతో, సూదితో, ఆ వికారపు గౌనుతో సహా
ఒడ్డెక్కాను.
యిట్స్కె నా కన్నా ముందే ఎక్కింది,
ఒంటినిండా పచ్చ, నాచులోంచి లేచిన కప్పపిల్లలా.
రెండు క్షణాలు ఊరుకుంది.
గదంతా ఊరుకుంది.
అప్పుడు అరిచింది చూడండి,
కొలను దగ్గర నా ఈల ఎందుకూ చాలదు.

రాత్రి నర్సు రస్కు మీద వెన్న రాసి
గులాబీ రంగు సోంపు మిఠాయి చల్లి తెచ్చింది.
కొరికితే దుప్పటంతా రాలాయి.
ఒకటి మర్నాడు పిల్ల చెవి మడతలో దొరికింది.

హిల్లెకా సైకిలు మీద వచ్చి
"తొట్టి సంగతి బాధగా ఉందా?" అనడిగింది.
ఉంది, కొంచెం. అబద్ధమెందుకు?
ఎప్పుడైనా అటు వెళితే
మోచెయ్యి ముంచి వస్తాను.

గౌను మాత్రం తిరిగిచ్చేశాను.
ఆ పచ్చ మరక
ఉతికితే పోయిందో లేదో.